పాత ఎక్స్‌రేలు పట్టుకెళ్లు బిడ్డా

బిడ్డా,

స్పైన్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఇంటర్ తర్వాత ఒక్కసారి కూడా నీ వెన్ను వంకర చూపించుకోని పిల్లవు, ఎవరూ పోరు పెట్టకుండా నీ అంతట నువ్వే బయల్దేరావంటే గర్వంగా ఉంది. కానీ ఎందుకు వెళ్తున్నావో మీ అమ్మకు చెప్పలేదట. నొప్పి పెరిగిందా? కాలు తిమ్మిరెక్కుతోందా? అది తెలియక రాత్రి నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలుసు. వదులు బట్టలు వేసుకో, వాడే మందుల చీటీ పెట్టుకో, నెల తప్పిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రేకి ముందే చెప్పు. పాత ఫిల్ముల గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను, ఓపికగా చదువు.

నా వంకర బయటపడింది 1976లో, దర్జీ దగ్గర. లంగా అంచు ఒక పక్క పైకి లేస్తోందని ఆయన విప్పి మళ్లీ కుట్టాడు. మళ్లీ లేచింది. తేడా కుట్టులో లేదమ్మా, పిల్ల నడుములో ఉందని చివరికి మీ నానమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. అప్పట్లో మన నల్గొండలో ఎవరి వెన్ను వంగినా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అనేవాళ్లు. ఫ్లోరోసిస్ ముదిరితే కీళ్లు బిగుసుకుపోయి మనిషి ముందుకు వంగిపోతాడు. నాది అది కాదు, వెన్ను పక్కకు వంగి, పూసలు మెలి తిరిగాయి. హైదరాబాద్‌లో ఎక్స్‌రే తీసి స్కోలియోసిస్ అన్నారు. ఎదిగే వయసులో వస్తుంది, కారణం ఇదీ అని చెప్పలేం, ఆడపిల్లల్లోనే ఎక్కువ ముదురుతుంది అన్నారు. ఫిల్ములు చేతికిచ్చి దాచుకోమన్నారు.

మీ తాతయ్య దాచాడు, 1980 ఫిబ్రవరి దాకా. ఆ నెల 16న సంపూర్ణ సూర్యగ్రహణం. పెద్దవాళ్లు తలుపులేసుకుని ఇళ్లలో కూర్చుంటే, మా వీధి పిల్లలు ఎక్స్‌రే ముక్కల కోసం ఇల్లిల్లూ తిరిగారు. (వాటితో సూర్యుణ్ణి చూస్తే కళ్లు పాడవుతాయి, మీ పాపను ఎప్పుడూ చూడనివ్వకు.) తాతయ్య బీరువాలోంచి నా ఫిల్ములన్నీ తీసి, కత్తెరతో ముక్కలు చేసి పంచేశాడు. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. అవి పెళ్లివారి కంట పడతాయేమోనని ఆయన భయం. "ఎదుగుదల ఆగింది కదమ్మా, ఇక వీటితో పనేముంది" అన్నాడు. ఆయన మీద నాకు ఏనాడూ కోపం లేదు. నన్ను ఎవరూ చేసుకోరేమోనని లోలోపల కుమిలిపోయిన మనిషి. కానీ ఆ పని తప్పే, దాని బరువు నా యాభై దాటాక తెలిసింది.

కొంచెం దూరం నడిస్తే పిక్కలు బరువెక్కి, కాళ్లు జివ్వుమని లాగేవి. కూర్చున్నా, ముందుకు ఒంగినా తగ్గేది. మార్కెట్‌కి వెళ్తే ఏదో ఒక తోపుడు బండి మీద చేతులు ఆనించి ఒంగి నిలబడేదాన్ని. డాక్టర్ కొత్త ఫిల్మ్ చూసి, "వంపు 52 డిగ్రీలుంది, ముందు ఎంత ఉండేదమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పను? పెళ్లికి ముందు నుంచీ అంతే ఉందో, ఈమధ్య పెరిగిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. నరం నొక్కుకున్న చోట వదులు చేస్తే సరిపోతుందా, రాడ్లు వేసి వెన్నును బిగించాలా అన్నది తేల్చడానికి ఆయనకు అది కావాలి. మళ్లీ ఏడాదికి ఇంకో ఫిల్మ్ తీసి పోల్చి చూద్దాం అన్నాడు. ఆ ఏడాది లోపే నా ఎడమ పాదం పట్టు తప్పింది. ఆపరేషన్‌తో నొప్పి పోయింది, పాదంలో బలం పూర్తిగా రాలేదు. నా నడక నువ్వు చూస్తూనే ఉన్నావు.

అందుకే చెప్తున్నా, రిపోర్టులో అంకె ఉంది కదా అని సరిపెట్టుకోకు, ఫిల్ములే పట్టుకెళ్లు. ఆ అంకెను కాబ్ కోణం అంటారు. 1948లో అమెరికా డాక్టర్ జాన్ కాబ్ చెప్పిన పద్ధతి. వంపుకు పైనా కిందా బాగా వాలిన రెండు పూసల మధ్య కొలుస్తారు. ఒకే ఫిల్మును ఇద్దరు కొలిస్తే 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు. పాతదీ కొత్తదీ ఒకే డాక్టర్ కొలిస్తేనే పెరిగిందో లేదో నమ్మకంగా తెలుస్తుంది. ఎదుగుదల ఆగాక 30 లోపు వంపులు మామూలుగా పెరగవు. ఛాతీ దగ్గర 50 దాటినవి ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోవచ్చు. ఇంటర్లో నీది 38. మధ్యలో ఉన్నావు, అందుకే నాకు ఇంత ఆరాటం.

ఎక్స్‌రే నిలబెట్టి తీయాలి. మెడ నుంచి తుంటి దాకా ఒకే ఫిల్ములో రావాలి, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. పడుకోబెట్టి తీస్తే వంపు తక్కువ కనిపిస్తుంది. చీటీలో ఉత్త నడుము ఎక్స్‌రే అని రాస్తే మొహమాటపడకుండా అడుగు.

నీ మొహమాటం గురించే ఇంకో మాట. ఎవరేమడిగినా "ఏం లేదు, బాగానే ఉంది" అంటావు. డాక్టర్ దగ్గర కూడా అదే అంటే నాకు చాలా కోపం వస్తుంది చెప్తున్నా. ఏడాది కింద ఎలా ఉండేదానివి, ఇప్పుడేం మారింది, అది చెప్పు. డ్రెస్ భుజం జారుతోందా, ఎత్తు తగ్గావా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? ఆయాసానికి రక్తం తక్కువ కావడం కూడా కారణం కావచ్చు, అన్నీ వంకర మీదకే నెట్టకు. పాదంలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లు.

చాలామందికి ఆపరేషన్ అవసరమే రాదు, టెన్షన్ పడకు. ఒకవేళ చేయాలంటే నిమ్స్ లాంటి చోట ఇంకో డాక్టర్‌కి కూడా చూపిద్దాం. పెద్దవాళ్లకు బెల్టు వేస్తే నొప్పికి కాస్త ఉపశమనం ఉంటుంది గానీ వెన్ను నిటారు కాదు. ఫిజియోథెరపీతో కండరాలు బలపడతాయి, అది మానకు. నెలలో వంకర తీసేస్తామని వీపు మెలిపెట్టే వాళ్ల జోలికి మాత్రం పోకు.

నీ కాన్పప్పుడు మత్తు డాక్టర్‌కి వెన్నులో సూది దిగక ఎంత ఇబ్బంది అయిందో నాకు గుర్తుంది. పళ్ల బిగువున ఓర్చుకున్నావు, నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ పాపకు తొమ్మిదేళ్లు వచ్చేశాయి. నాకుంది, నీకుంది, దానికీ రావచ్చు. గబగబా ఎత్తు పెరిగే వయసు ఇక మొదలవుతుంది. అప్పుడప్పుడు చేతులు జోడించి ముందుకు ఒంగమను, వెనక నుంచి చూడు. వీపు ఒక పక్క ఎత్తుగా కనిపిస్తే డాక్టర్‌కి చూపించు. దాన్ని భయపెట్టకు, ఆటలా చేయించు.

నీ ఫిల్ముల కవర్ మీ నాన్న దగ్గరే ఉంది, అడిగాను. రేపు వెళ్లి తెచ్చుకుంటాను. అపాయింట్‌మెంట్ ఏ రోజో, ఎన్ని గంటలకో మెసేజ్ పెట్టు. పొద్దున బస్సుకి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతాను, లోపలికి కూడా నీతోనే వస్తాను.

మీ అత్తమ్మ