మిగతా 95 శాతం ఏంటని అడిగే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు సరిపడా మార్కులు రాలేదు. పరీక్షల టెన్షన్ తగ్గుతుందని ఎవరో చెబితే అశ్వగంధ మాత్రలు కొనిచ్చాం. డబ్బా మీద ‘వితనోలైడ్లు 5 శాతం’ అని ఉంది. మిగతా 95 శాతం ఏంటమ్మా అని నన్ను అడుగుతూనే ఉంది. మొక్కల్లో మందు గుణం దేనివల్ల వస్తుందో అదే చదువుతానంటోంది. మూలికల చదువుకు ఉద్యోగాలెక్కడివని వాళ్ళ నాన్న అంటున్నారు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపమంటారా, బీఏఎంఎస్‌లో (ఆయుర్వేద డాక్టర్ కోర్సు) చేర్చమంటారా? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అడిగింది మూలికల ప్రశ్న కాదు, కెమిస్ట్రీ ప్రశ్న. ఈ సంగతి మీ ఇంట్లో అందరికీ తెలిస్తే సగం గొడవ తీరుతుంది.

ముందు తన ప్రశ్నకు జవాబు చెబుతాను, తనకు చదివి వినిపించండి. అశ్వగంధను మనం పెన్నేరు అంటాం. వంకాయ, టమాటా, మిరప కుటుంబానికి చెందిన మొక్క. పచ్చి వేరు గుర్రం వాసన వేస్తుందని ఆ సంస్కృత పేరు వచ్చింది. వేరులో ఎక్కువ భాగం పిండి పదార్థం, పీచు. మందు గుణం వీటివల్లేనని చాలామంది చెప్పే వితనోలైడ్లు ఎండు వేరులో మామూలుగా ఒక శాతం కూడా ఉండవు. నీళ్ళతోనో ఆల్కహాల్‌తోనో సారం తీసి చిక్కబరిస్తే ఆ శాతం 5 దాకా, ఇంకా పైకి చేరుతుంది. మిగిలినదంతా సారంతో పాటు దిగిన చక్కెరలు, ప్రొటీన్లు, కొద్దిపాటి ఆల్కలాయిడ్లు, ఇంకా ఎన్నో.

వితనోలైడ్ అన్నది కూడా ఒక్క పదార్థం పేరు కాదు. 28 కార్బన్ల స్టెరాయిడ్ చట్రానికి లాక్టోన్ వలయం తగిలించి ఉన్న ఒక పెద్ద కుటుంబం అది. అందులో వితాఫెరిన్-ఎ ఆకులో ఎక్కువ, వితనోలైడ్-ఎ వేరులో ఎక్కువ. వితాఫెరిన్-ఎ నిర్మాణాన్ని 1960లలో ఇజ్రాయెల్ రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. అప్పటి నుంచి అందరి చూపూ ఈ కుటుంబం మీదే ఉంది. కానీ 2017లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. వితనోలైడ్లు బాగా ఉన్న సారం ఇస్తే వాటికి నిద్ర పెరగలేదు. ఆకుల నీటి సారంలో దొరికిన ట్రైఎథిలిన్ గ్లైకాల్ అనే చిన్న పదార్థం ఇస్తే నిద్ర వచ్చింది. అది వితనోలైడే కాదు. చూశారా, మిగతా 95 శాతం ఏంటన్న ప్రశ్న ఎంత విలువైనదో! పదిహేడేళ్ళకే ఒక పిల్ల డబ్బా చూసి ఆ ప్రశ్న వేసిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. దాన్ని దయచేసి నలిపేయకండి.

టెన్షన్ సంగతి కూడా తను తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో 64 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల వేరు సారం 60 రోజులు తీసుకున్నవాళ్ళలో, ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ బాగా తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే. అయితే ఈ మొక్క మీద జరిగిన పరీక్షల్లో చాలావరకు ఇలా చిన్నవి, కొద్ది వారాలవి. ఏ పదార్థం వల్ల తగ్గింది, ఎంత మోతాదు ఎవరికి సరిపడుతుంది అన్నవి ఇంకా తేలాల్సినవి. తేల్చాల్సింది మీ అమ్మాయిలాంటి పిల్లలే.

ఇక వాళ్ళ నాన్నగారి ప్రశ్న. వేరు పొడిలో చవకగా దొరికే ఆకు కొందరు కలిపేస్తారు. ఆకు వాడవద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు చెప్పింది. ఆ కల్తీని పట్టేది ఎవరు? పొడిలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీటీఎల్‌సీ, హెచ్‌పీఎల్‌సీ యంత్రాల ముందు కూర్చునే అనలిస్టు. ఒకే పొడిని రెండు ల్యాబులు వేర్వేరు పద్ధతుల్లో కొలిస్తే వితనోలైడ్ల శాతం రెండు రకాలుగా వస్తుంది. ఎగుమతి చేసే కంపెనీకి ఇదే పెద్ద తలనొప్పి. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరులలో మొక్కల సారాలు తీసే కంపెనీలున్నాయి. ఇదే పని నేర్చిన మనిషిని మామూలు మందుల కంపెనీ కూడా క్వాలిటీ కంట్రోల్‌లోకి తీసుకుంటుంది. కాబట్టి ‘మూలికల చదువు’ అని భయపడకండి. తను నేర్చుకునేది కొలవడం, విడదీయడం.

కోర్సు విషయంలో నా మాట బీఫార్మసీ. బైపీసీ పిల్లలకు ఈఏపీసెట్ ద్వారా సీటు వస్తుంది. నాలుగేళ్ళలో ఫార్మకోగ్నసీ (మందు మొక్కల శాస్త్రం), ఫైటోకెమిస్ట్రీ (మొక్కల రసాయనాల శాస్త్రం), హెర్బల్ డ్రగ్ టెక్నాలజీ అన్నీ చదువుతుంది. తర్వాత పీజీ కోసం జీప్యాట్ అనే ఫార్మసీ పరీక్షలో అర్హత సాధించి, నైపర్ ప్రవేశ పరీక్ష కూడా రాస్తే బాలానగర్‌లోని కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థ నైపర్ హైదరాబాద్ ఉంది, మొహాలీ నైపర్‌లో నేచురల్ ప్రొడక్ట్స్ విభాగమే ఉంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు ల్యాబ్ చూడకుండా చేర్చకండి. హెచ్‌పీఎల్‌సీ ఉందా అని కాదు, విద్యార్థుల చేత నడిపిస్తారా అని సీనియర్లను అడగండి. గాజు తలుపు వెనక తాళం వేసి ఉంచే యంత్రాలు నేను చాలా చూశాను.

కెమిస్ట్రీ అంటే మరీ ప్రాణమైతే డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) తీసుకుని, తర్వాత ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేయవచ్చు. కొన్ని చోట్ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలంటారు, అది ముందే చూసుకోండి. ఈ దారిలో ఉద్యోగం ఆలస్యం. కానీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేల ఫెలోషిప్‌తో తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనో, ఔషధ మొక్కల మీదే పనిచేసే లక్నో సీమ్యాప్‌లోనో పీహెచ్‌డీ చేయవచ్చు. సీమ్యాప్‌కు మన బోడుప్పల్‌లోనూ కేంద్రం ఉంది.

బీఏఎంఎస్ మంచి చదువే, రోగులను చూడాలన్న కోరిక ఉన్నవాళ్ళకు. మీ ఉత్తరంలో తను ఒక్కసారి కూడా రోగి గురించి మాట్లాడలేదు. లాంగ్ టర్మ్ సంగతి నాన్నగారు కాకుండా తనే తేల్చుకోవాలి. డాక్టర్ కావాలని తనకే ఉంటే ఒక ఏడాది పెద్ద నష్టం కాదు, లేకపోతే ఆ ఏడాది తనకు నరకం.

సెలవుల్లో ఒక పని చేయమనండి. మెడికల్ షాపులో నాలుగైదు కంపెనీల అశ్వగంధ డబ్బాలు చూసి, వేరా ఆకా, ఎంత శాతం, ఏ పద్ధతిలో కొలిచారు అన్నవి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. చివరి గడి చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది. అది తనకు విసుగు తెప్పిస్తుందా, ఇంకా తెలుసుకోవాలనిపిస్తుందా చూసి నాకు రాయండి.

ఇంకొకటి. ఆ మాత్రలు డాక్టరుకు చెప్పకుండా కొనసాగించకండి. అశ్వగంధ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు వేర్వేరు దేశాల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. తనకు థైరాయిడ్ మందులో, నిద్రకు మందులో నడుస్తుంటే ఈ వారమే వెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఆ డబ్బా కూడా తీసుకెళ్ళండి.