పీఎస్‌ఏ నెగెటివ్ వచ్చింది.. ప్రొస్టేట్ క్యాన్సర్ కాదనుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రెండేళ్లుగా హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఈమధ్య మూత్రంలో రక్తం పడితే మూత్రాశయం మెడ దగ్గర గడ్డ ఉందని తీసి బయాప్సీకి పంపారు. సీకే7, సీకే20, ఎమకార్ పాజిటివ్, పీఎస్‌ఏ నెగెటివ్ అని వచ్చింది. ఇది మూత్రాశయంలో కొత్తగా పుట్టిన క్యాన్సర్ అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: అప్పుడే నమ్మకండి. తీసిన ముక్కకు రంగు పట్టించి కణాల్లో ఏ ప్రొటీన్ ఉందో చూసే ఈ నాలుగు పరీక్షలతో తేలే విషయం కాదిది.

సీకే7, సీకే20 రెండూ పాజిటివ్ అయితే మూత్రాశయం వైపు మొగ్గడం మామూలే. కానీ ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్లలో కొన్నింటికి ఇవీ పట్టుకుంటాయి. ఎమకార్ ప్రొస్టేట్‌దని పేరేగానీ, మూత్రాశయ క్యాన్సర్‌లోనూ, పాపిల్లరీ రకం కిడ్నీ క్యాన్సర్‌లోనూ, అసలు క్యాన్సరే కాని నెఫ్రోజెనిక్ అడినోమాలోనూ వస్తుంది. అన్నిటికన్నా మోసం చేసేది ముక్కలో చూసిన ఈ పీఎస్‌ఏ (రక్తంలోది కాదు). కణం పీఎస్‌ఏ తయారుచేయాలంటే మగ హార్మోన్ ఉండాలి. ఇంజెక్షన్ ఆపేది సరిగ్గా దాన్నే. అందుకే ఆయన విషయంలో నెగెటివ్ అన్నమాటకు బలం లేదు. హార్మోన్ వైద్యం సంగతి బయాప్సీ ఫారంలో రాశారో లేదో కనుక్కోండి. చాలాసార్లు తప్పు అక్కడే మొదలవుతుంది.

అదే బ్లాకు (ముక్కను మైనంలో పొదిగి దాచిన దిమ్మ) మీద ప్రొస్టేట్ కోసం ఎన్‌కేఎక్స్3.1, పీ501ఎస్, మూత్రాశయం కోసం గాటా3, పీ63, హై మాలిక్యులర్ వెయిట్ కెరటిన్ చేయించండి. ఎన్‌కేఎక్స్3.1, గాటా3, పీ63లకు గోధుమరంగు కణం మధ్యలోని కేంద్రకంలో పడాలి. చుట్టూ ఉన్న భాగంలోనే పడితే లెక్కలోకి రాదు. వైర్‌తో కాల్చి తీసిన ముక్కల్లో మాడిన అంచులు, చచ్చిన కణజాలం ఊరికే రంగు పీల్చుకుంటాయి, అక్కడ చదవకూడదు. గాటా3 ఒక్కటే చూసి తేల్చడమూ ప్రమాదమే. రొమ్ము క్యాన్సర్‌లోనూ, రేడియేషన్ తగిలిన మామూలు ప్రొస్టేట్ గ్రంథుల్లోనూ అది వస్తుంది. కణాలు చిన్నవిగా, ఇరుగ్గా కనిపిస్తే స్మాల్ సెల్ రకమేమో తేల్చే సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అడగండి. అలాంటప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గుర్తుగా చూసే టీటీఎఫ్1 పాజిటివ్ వచ్చినంత మాత్రాన అక్కడి నుంచి వచ్చిందనుకోకూడదు.

మరో పాథాలజిస్టుకు చూపించేందుకు ల్యాబ్ నుంచి పారఫిన్ బ్లాకు, స్లైడ్లతోపాటు రెండేళ్ల కిందటి ప్రొస్టేట్ బయాప్సీ స్లైడ్లు కూడా తీసుకెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే దొరికే ఆధారం ఏ ఒక్క మార్కరూ ఇవ్వదు. బ్లాకుకు ఐసు అక్కర్లేదు, ఎండలో కారులో మాత్రం వదలకండి, మైనం కరుగుతుంది. రక్తంలో పీఎస్‌ఏ, ఎంఆర్ఐ రిపోర్టులు కూడా జత చేయండి. రెండు క్యాన్సర్లూ ఒకే మనిషిలో ఉండటమూ జరుగుతుంది.

కండరంలోకి దిగిన మూత్రాశయ క్యాన్సర్‌కు సిస్‌ప్లాటిన్ కీమో, మూత్రాశయం తీసేయడం దాకా వెళ్తారు. ప్రొస్టేట్‌దైతే దారే వేరు. కాబట్టి రెండో రిపోర్టు వచ్చేదాకా పెద్ద ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేయొద్దని మీ యూరాలజిస్టును అడగండి. ఈలోగా రక్తం గడ్డలు పడి మూత్రం ఆగిపోతే మాత్రం రిపోర్టు కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.