పాపకు రెండు పాస్‌పోర్టులా?

చి. కిరణ్‌కు,

పెద్దనాన్న ఆశీస్సులు. పాపకు అమెరికా పాస్‌పోర్టుతో పాటు మనది కూడా తీయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. బిడ్డ మన దేశపు పిల్లగానే ఉండాలన్న నీ కోరికకు కడుపు నిండింది. ‘రెండూ’ అనగానే మాత్రం గుండెల్లో రాయి పడింది.

రెండూ కుదరవురా. మన చట్టంలో ద్వంద్వ పౌరసత్వం లేదు. బయట పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం కావాలంటే ఏడాదిలోపు కాన్సులేట్‌లో జననం నమోదు చేయించి, వేరే దేశం పాస్‌పోర్టు లేదని అమ్మానాన్నలు రాసివ్వాలి. అలా రాసిచ్చి, ఆ వెంటనే అమెరికా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టేవాళ్లున్నారు. ఎవరికి తెలుస్తుందిలే అని ధీమా. ఎయిర్‌పోర్టులో తెలుస్తుంది. శంషాబాద్‌లో తిరుగు ప్రయాణానికి మన పాస్‌పోర్టు చూపిస్తే, అమెరికా వీసా ఏదంటారు. అక్కడి పౌరురాలికి అక్కడి వీసా ఎవరిస్తారు? సరేనని అమెరికాది తీస్తే, దీనిమీద ఇండియా వీసా ఏది, వచ్చినప్పటి ముద్ర ఏదంటారు. చంకలో పాప ఏడుస్తుంటుంది, వెనక క్యూ కదలదు. అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చిన సంగతి అక్కడ బయటపడుతుంది. చదువుకున్నవాడివి, ఇలాంటి పని నువ్వు చేస్తే ఎలా?

పోనీ మనది ఒక్కటే తీసుకుంటే? అసలు చిక్కు అక్కడే. పుట్టుకతో వచ్చిన అమెరికా పౌరసత్వాన్ని పిల్ల తరఫున వదులుకునే హక్కు మీకు లేదు. ఊహ తెలిశాక పాపే స్వయంగా అమెరికా కాన్సులర్ అధికారి ముందు ప్రమాణం చేసి వదులుకోవాలి. ఇటు మన చట్టమేమో 18 నిండిన ఆరు నెలల్లో అవతలిది వదలకపోతే మనది పోతుందంటుంది. ఇప్పుడు నువ్వు తేల్చేశాననుకున్నది ఇంటర్ పూర్తయ్యే వయసులో పాప నెత్తిన పడుతుంది. పైగా అమెరికా పౌరులు ఆ దేశంలోకి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా ఆ పాస్‌పోర్టే చూపాలి. మీరింకా కొన్నేళ్లు అక్కడే ఉంటారు కదా. నా మాట విని అమెరికా పాస్‌పోర్టు, దానితో ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకోండి.

పాస్‌పోర్టుకు డీఎస్-11 ఫారంతో పాపను తీసుకుని ఇద్దరూ వెళ్లండి. ఒకరికి కుదరకపోతే నోటరీ చేసిన డీఎస్-3053 సమ్మతి పత్రం కావాలి. పాప పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. ఓసీఐకి ఆన్‌లైన్ ఫారం, మీ పాస్‌పోర్టులు, మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరి సమ్మతి పత్రం, పాప వేలిముద్ర ఇవ్వాలి. బర్త్ సర్టిఫికెట్ మీ ఇద్దరి పేర్లూ ఉన్నదే తెప్పించుకోండి. ఆ పేర్లు మీ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై కూర్చుని ఎంత ఏడిపించిందో మర్చిపోయావా? పాప సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా రాయించు, పొడి అక్షరాలు వద్దు. ఓసీఐ చేతికి రాకముందే బయల్దేరాల్సి వస్తే పాపకు వీసా తీయించాలి. ఓసీఐ వచ్చాక పాపకు 20 ఏళ్లు నిండేదాకా పాస్‌పోర్టు మారినప్పుడల్లా మూడు నెలల్లో కొత్తదాని కాపీ, ఫోటో సైట్లో అప్‌లోడ్ చేయాలి. అందరూ మర్చిపోయేది ఇదే.

ఓసీఐ పౌరసత్వం కాదు. పేరు విని మోసపోకు. ఓటు ఉండదు. 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ తీసుకున్న పిల్లలకు నీట్, జేఈఈలో ఎన్నారై సీట్లే. హైదరాబాద్ తిరిగొచ్చి పాపను డాక్టర్ చేయాలని కోడలు అనుకుంటోందట, ఫీజుల లెక్క ఇప్పుడే వేసుకోండి. సుకన్య సమృద్ధి ఖాతా కూడా కుదరదు, అది ఇక్కడుండే భారత పౌరుల ఆడపిల్లలకే. ఇక్కడ పాప పేరున వేరే ఖాతాలు తెరిస్తే, అన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అమెరికాకు ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాల నివేదిక, ఇవ్వాలి.

ఇక పొలం సంగతి. మీ నాన్న ఆ రెండెకరాలూ మనవరాలికి గిఫ్ట్ డీడ్ రాస్తానంటున్నాడు. ప్రేమ కాదనను, కానీ ఓసీఐ ఉన్నవాళ్లు సాగుభూమి కొనకూడదు, గిఫ్టుగా పుచ్చుకోకూడదు. వారసత్వంగా వస్తే ఇబ్బంది లేదు, కాబట్టి వీలునామా రాయమను. నువ్వు ఫోన్లో చెబితే కొడుకు వద్దన్నాడని నొచ్చుకుంటాడు. స్టాంపు పేపర్లు కొనకముందే నేను చెబుతాలే.

మీ పెద్దనాన్న