చైనా వైద్యం చదివితే డాక్టర్ అవుతుందా?

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయికి నీట్‌లో ఎంబీబీఎస్ సీటు రాలేదు. చైనాలో ఐదేళ్లు అక్కడి సంప్రదాయ వైద్యం చదివిస్తే, ఇక్కడికొచ్చి డాక్టర్‌గా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చని హనుమకొండలో ఒక ఏజెంటు అంటున్నాడు. క్లాసులన్నీ ఇంగ్లిషులోనేనట. పంపమంటారా?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: ఏజెంటు చెప్పింది నిజం కాదు. ఆ డిగ్రీ ఎంబీబీఎస్ కాదు. దానితో ఇక్కడ అల్లోపతి ప్రాక్టీస్ చేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆ వైద్యంలో భాగమైన ఆక్యుపంక్చర్‌ను, అంటే సూదులు గుచ్చి చేసే వైద్యాన్ని, 2019లో మన కేంద్ర ప్రభుత్వం గుర్తించింది కానీ, ఆ గుర్తింపు సూదుల వైద్యానికే. వాళ్ల మూలికల కషాయాలకు కాదు.

నేను చైనాలోని నాన్‌జింగ్‌లో ఈ సూదుల పనే నేర్చుకున్నాను. మొదట సబ్బుబిళ్ల మీద గుచ్చాం, తర్వాత మా కాళ్ల మీదే, మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద ఉండే, జుసాన్‌లీ అనే సూది గుచ్చే చోట. చెయ్యి త్వరగానే కుదిరింది. మాట దగ్గరే ఆగిపోయాను. సూది దిగాక ఒక పెద్దాయన ‘స్వాన్’ అన్నారు. నాకు తెలిసి ఆ మాటకు అర్థం పులుపు. నోరు పుల్లగా ఉందనుకుని నాలుక చూపించమన్నాను. లోపల గుంజినట్టుండే నొప్పిని కూడా అదే మాటతో చెబుతారనీ, సూది సరిగ్గా పట్టిందనడానికి అది గుర్తనీ మా టీచర్ చెప్పారు. మన దగ్గర ఒక ముసలమ్మ ‘నడుము గుంజుతుంది బిడ్డా’ అంటే చెయ్యి ఎక్కడ పెట్టాలో మనకు తెలిసిపోతుంది. అక్కడ ఆ తెలివి భాష వస్తేనే వస్తుంది. క్లాసు ఇంగ్లిషులో జరిగినా, ఆస్పత్రిలో రోగి మాట్లాడేది చైనీసే.

అందుకే పంపేటట్టయితే ముందు ఒక ఏడాది భాష నేర్పించండి. రోగుల దగ్గర సీనియర్ పక్కన నిలబడి నేర్చుకునే గంటలు ఎన్నో కాలేజీనే అడగండి. డాక్టర్లు కానివాళ్లకు ఆక్యుపంక్చర్‌లో పూర్తి శిక్షణ 2,500 గంటలు ఉండాలనీ, అందులో కనీసం 1,000 గంటలు ప్రాక్టికల్, క్లినికల్ పని కావాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. ఆ లెక్క చెప్పలేని చోట ఒక్క రూపాయి కూడా కట్టకండి.

సంప్రదాయ వైద్యమే ఇష్టమైతే మన వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఆయుష్ సీట్లకు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వేరే నోటిఫికేషన్ ఇస్తుంది. చాలామంది ఎంబీబీఎస్ రాలేదన్న టెన్షన్‌లో అది చూసుకోరు.

మీ ఉత్తరంలో అమ్మాయి మాట ఒక్కటీ లేదు. ఆమెకు ఏం చదవాలనుందో ఆమెనే నాకు రాయమనండి.