నాన్న మాట కాదనకూడదని కన్ఫ్యూషియస్ నిజంగా అన్నాడా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి అర్థం కావడం కోసం క్లుప్తంగా చెబుతాను. మీరు తొమ్మిదేళ్లుగా సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నాన్నగారు భీమవరం దగ్గర పల్లెలో ఉంటారు, తమ్ముడు చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేస్తాడు. వైరస్ వచ్చి పంట పోయినప్పుడు 12 లక్షలు, మేత బాకీలకి ఇంకోసారి 18 లక్షలు పంపారు. ఇప్పుడు మూడోసారి అప్పు. ఈసారి మీ ఆవిడకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం అమ్మి ఆ అప్పు తీర్చమని నాన్నగారు అడుగుతున్నారు. ఆవిడ ససేమిరా అంటున్నారు, ఇంట్లో మాటల్లేవు. ఈ గోడు మీ ఆఫీసులో ఒక చైనీస్ పెద్దాయనకి చెప్పుకుంటే, తల్లిదండ్రుల మాట మీరకూడదు, వాళ్లుండగా దూరం పోకూడదు అని కన్ఫ్యూషియస్ చెప్పాడన్నారట. అప్పటినుంచీ నిద్ర పట్టడం లేదని రాశారు.

ఆయన అబద్ధం చెప్పలేదండీ, కానీ సగమే చెప్పారు. మీకు కావలసింది మిగతా సగంలో ఉంది.

చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో లూ రాజ్యంలో, అంటే ఇప్పటి షాన్‌డాంగ్‌లో పుట్టాడు. ఆయన మాటల్ని తర్వాత శిష్యులు, వాళ్ల శిష్యులు కూర్చిన సంకలనం పేరు లున్‌యు. అందులో రెండో అధ్యాయంలో నలుగురు వేర్వేరుగా వచ్చి, తల్లిదండ్రుల పట్ల ధర్మంగా ఉండటమంటే ఏమిటని అడుగుతారు, నలుగురికీ నాలుగు రకాల జవాబులు ఇస్తాడు. మొదటివాడికి చెప్పింది ఒక్క ముక్కే, ‘మీరకు’ అని. మీ పెద్దాయన ఇక్కడే ఆగిపోయారు. తర్వాత తన రథం తోలుతున్న ఫాన్ చీ అనే శిష్యుడు, అంటే ఏమిటని అడిగితే, బతికున్నప్పుడు మర్యాద ప్రకారం సేవ చేయడం, పోయాక మర్యాద ప్రకారం సాగనంపడం, మర్యాద ప్రకారం అర్పణలు ఇవ్వడం అని విప్పి చెప్పాడు. మీరకూడనిది ఆ మర్యాదని. కొడుకు జేబులోంచో కోడలి పెట్టెలోంచో అడిగిందల్లా తీసివ్వాలని అందులో ఎక్కడా లేదు.

దూరం పోవడం గురించి చెప్పిన మాటకీ రెండో వాక్యం ఉంది: పోవలసివస్తే ఎక్కడికి పోతున్నావో స్థిరంగా ఉండాలి. మీరు ఎక్కడుంటారో, ఎన్నింటికి ఇంటికొస్తారో నాన్నగారికి తెలుసు. దీని గురించి బాధపడటం ఈ రోజుతో మానేయండి.

నాకు మీ ఉత్తరంలో బాగా తగిలిన చోటు వేరే ఉంది. “డబ్బు పంపుతాను కానీ వీడియో కాల్‌లో ఆయన కనబడగానే ఒళ్లు మండుతుంది, రెండు ముక్కలు మాట్లాడి పిల్లాడికి ఫోన్ ఇచ్చేస్తాను” అని రాశారు చూడండి, అక్కడ. ఆ నలుగురిలో మూడో మనిషికి కన్ఫ్యూషియస్ ఏం చెప్పాడంటే, ఈ రోజుల్లో తల్లిదండ్రులకి తిండి పెట్టడమే ధర్మం అనుకుంటున్నారు, కుక్కలకీ గుర్రాలకీ కూడా పెడుతున్నాం కదా, గౌరవం లేకపోతే తేడా ఏముంది అన్నాడు. నాలుగోవాడికి ఇంకా చిన్న జవాబు: ‘ముఖం, అదే కష్టం’. పనులు చేసిపెట్టడం, అన్నం వాళ్లకి ముందు వడ్డించడం ఎవరైనా చేస్తారు, చేసేటప్పుడు ముఖం ఎలా ఉందన్నదే కష్టమైన సంగతి అని. ఇరవై అయిదు వందల ఏళ్ల కిందటి మాట, అచ్చంగా మీ వీడియో కాల్ గురించే అన్నట్టుంది. మీరు చేత్తో అవునంటున్నారు, ముఖంతో కాదంటున్నారు. ఆ ముసలాయనకి డబ్బు ముడుతోంది, మనసు మాత్రం చివుక్కుమంటోంది. మీకేమో రెండూ పోతున్నాయి. దీన్ని తిరగేయాలి: ముఖంతో అవునని, చేత్తో కాదని.

కాదంటే పాపం కాదా అంటారేమో. దానికి ఒక కథ ఉంది, తర్వాతి కాలం పుస్తకాల్లో కనిపిస్తుంది. జెంగ్జీ అని, పితృభక్తికి పెట్టింది పేరు. ఆయన, వాళ్ల నాన్న, ఇద్దరూ కన్ఫ్యూషియస్ శిష్యులే. ఒకరోజు దోసపాదుల్లో కలుపు తీస్తూ పొరపాటున ఒక పాదు వేరు తెంపేశాడు. తండ్రికి కోపం వచ్చి పెద్ద కర్రతో బాదితే స్పృహ తప్పి పడిపోయాడు. లేచాక తండ్రి దగ్గరికెళ్లి, నన్ను కొట్టడంలో మీకేమీ నొప్పి కలగలేదు కదా అని అడిగి, తను బాగానే ఉన్నానని తండ్రికి తెలియాలని గదిలోకెళ్లి వీణలాంటి వాద్యం తీసి వాయించాడు. మనమైతే ఇలాంటి కొడుక్కి హారతి పడతాం. కన్ఫ్యూషియస్ మాత్రం మండిపడి, అతన్ని లోపలికి రానివ్వద్దన్నాడు. పూర్వం షున్ చక్రవర్తి, తండ్రికి పని పడితే ఎప్పుడూ పక్కనే ఉండేవాడట, తండ్రి చంపాలని వెతికితే మాత్రం దొరికేవాడు కాదట. చిన్న బెత్తమైతే నిలబడి తిను, పెద్ద కర్రైతే పారిపో. నువ్వు నిలబడి చచ్చిపోయి ఉంటే మీ నాన్న హంతకుడయ్యేవాడు, అంతకన్నా ద్రోహం ఏముంది? ఇదీ ఆయన కోపం.

మొదటి 12 లక్షలు చిన్న బెత్తమే. మీరు తట్టుకున్నారు, మంచిదే. కోడలి పుట్టింటి స్థలం పెద్ద కర్ర. అది స్త్రీధనం, ఆవిడ సంతకం లేకుండా అమ్మడానికి మీకు హక్కే లేదు. బలవంతపెట్టి సంతకం చేయిస్తే రేపు ఊళ్లో “కోడలి స్థలం తిన్నాడు” అనే మాట పడేది నాన్నగారి మీదే. ఆయన్ని ఆ మాట పడకుండా కాపాడటం మీ పని. తండ్రి చెప్పినట్టల్లా చేయడమే భక్తి అనుకోవచ్చా అని ఇదే జెంగ్జీ ఇంకోచోట అడిగితే, ‘ఇదేం మాట, ఇదేం మాట’ అని, తప్పని వాదించే కొడుకు ఒక్కడున్నా తండ్రి అధర్మంలో పడడు అని జవాబు వచ్చింది.

ఎలా చెప్పాలన్నది కూడా లున్‌యులో ఉంది. మెల్లగా చెప్పు, వినకపోయినా గౌరవం తగ్గించకు, శ్రమ పడు, మనసులో కక్ష పెట్టుకోకు అని. అందుకని వాట్సాప్‌లో టైప్ చేయకండి, మెసేజ్‌లో మెత్తదనం ఉండదు. ఆదివారం పొద్దున్నే, ఆయన కాఫీ తాగే వేళకి మీరే ఫోన్ చేయండి. డబ్బు ఊసెత్తకుండా కాసేపు మాట్లాడండి, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో అడగండి. ఆ తర్వాత, “నాన్నగారండీ, ఆ స్థలం జోలికి నేను వెళ్లనండీ, అది మనది కాదు. మీకూ అమ్మకీ నెలనెలా వచ్చేది ఎప్పుడూ ఆగదు. తమ్ముడి బాకీలు ఎవరెవరికి ఎంతెంతో కాగితం మీద రాయించండి, సంక్రాంతికి వచ్చినప్పుడు ముగ్గురం కూర్చుందాం” అనండి. “మీ కోడలు ఒప్పుకోవడం లేదు” అని మాత్రం పొరపాటున కూడా అనొద్దు. అలా అంటే ఆయన కోపమంతా ఆవిడ మీదికి మళ్లుతుంది, మీరు హాయిగా తప్పుకుంటారు. కాదంటున్నది మీరు. ఆయన అరుస్తారు, బహుశా ఫోన్ పెట్టేస్తారు. మర్నాడు అదే వేళకి మళ్లీ చేయండి. వారం రోజులు ఎత్తకపోయినా చేయండి. ఇంతకాలం పంపిన డబ్బు కంటే ఇది కష్టం, నాకు తెలుసు.

ఫోన్ చేయకముందే మీ ఆవిడకి, స్థలం అమ్మడం లేదు అని ఒక్క మాట చెప్పండి. మీ ఇంట్లో టెన్షన్ సగం అక్కడే దిగుతుంది.

ఇంకొకటి. మీ ఉత్తరంలో ప్రతి లక్షకీ లెక్క ఉంది, నాన్నగారి వయసు దగ్గర మాత్రం “డెబ్బై దాటాయనుకుంటా” అని ఉంది. తల్లిదండ్రుల వయసు తెలియకుండా ఉండకూడదు, అది ఒకపక్క సంతోషం, ఒకపక్క భయం అని కూడా లున్‌యులో ఉంది. ఆదివారం ఫోన్‌లో ముందుగా అడగండి, ఆయన పుట్టింది ఏ సంవత్సరమో, ఏ నెలలోనో. చెప్పాక రాసిపెట్టుకోండి.