ఎవరి బురుజు ఎత్తు?

ప్రశ్న: ఇంజనీరుగారూ, మా అమ్మాయి ఇటలీలో చదువుకుంటోంది. సాన్ జిమిన్యానో అనే కొండమీది ఊరి ఫోటో పంపింది. అంత చిన్న ఊళ్ళో సరైన కిటికీలు కూడా లేని అన్ని రాతి బురుజులు ఎందుకు కట్టారు? శత్రువుల భయమా? (ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు)

జవాబు: శత్రువుల భయమేనమ్మా. కాకపోతే ఆ శత్రువులు ఎదురింట్లోనే ఉండేవారు.

ముందు డబ్బు సంగతి. ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుంచి రోముకు వెళ్ళే యాత్రికుల బాట ఈ ఊరి మీదుగానే పోయేది. 990 ప్రాంతంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిజెరిక్ రాయించిన మజిలీల జాబితాలో దీని పేరుంది. బాట పక్కన వ్యాపారం, వ్యాపారం వెనక వడ్డీలు, వాటికి తోడు కుంకుమపువ్వు. 1228లో ఊరి అప్పులో కొంత భాగాన్ని కుంకుమపువ్వు రూపంలోనే తీర్చారు.

చేతిలో నాలుగు డబ్బులు ఆడాక పంతాలు మొదలయ్యాయి. అప్పట్లో ఇటలీలో పోపుకూ, పవిత్ర రోమన్ చక్రవర్తికీ మధ్య ఆధిపత్యం కోసం గొడవ. ఈ ఊళ్ళో పోపు పక్షాన ఆర్దింగెల్లి వంశం, చక్రవర్తి పక్షాన సాల్వూచ్చి వంశం. ఒకరు బురుజు లేపితే రెండోవారు ఇంకో నాలుగు బారలు పైకి లేపేవారు. అలా ఊళ్ళో 72 బురుజులు లేచాయంటారు. చివరికి పాలకమండలి, నగరాధికారి భవనం మీదున్న రోన్యోజా బురుజును మించి ఎవరూ కట్టకూడదని కట్టడి చేసింది. అది సుమారు 51 మీటర్లు. అప్పుడు సాల్వూచ్చిలు పక్కపక్కనే జంట బురుజులు కట్టారు. రెండూ కలిపితే రోన్యోజాను మించిపోయేలా లెక్క వేసుకున్నారని ఊళ్ళో చెప్పుకుంటారు. ప్లాన్ శాంక్షన్ ఒకటి, కట్టేది ఇంకొకటి అన్న విద్య మన బెంగళూరు బిల్డర్లే కనిపెట్టారనుకునేవాణ్ణి!

గోడల మీద చదరపు కంతలు కనిపిస్తాయి, ఫోటో పెద్దది చేసి చూడండి. కట్టేటప్పుడు పరంజా దూలాలు దోపింది వాటిలోనే. తర్వాత వాటికే చెక్క వసారాలు తగిలించుకునేవారు. గోడంటే ఒకే గోడ కాదు. లోపలొక రాతి వరస, బయటొక వరస, మధ్యలో రాళ్ళూ సున్నమూ కూరారు. అందుకే గోడలే చోటంతా తినేసి గదులు ఇరుకైపోయాయి. నన్నడిగితే అవి కాపురానికి పనికొచ్చే కట్టడాలు కావు, కేవలం మీసం మెలేయడానికి.

ప్రశ్న: వాళ్ళు అంత భద్రంగా కాపాడుకున్నారు. మన చిక్కపేటలో పాత ఇల్లు ఒక్కటైనా మిగులుతోందా? మనకెందుకు చేతకాదు? (జయనగర్ పాఠకుడు)

జవాబు: వాళ్ళ గొప్పతనమేమీ లేదండీ. ఊరు చితికిపోయింది, అంతే. 1348లో ప్లేగు వచ్చి జనాన్ని ఊడ్చుకుపోయింది. 1353లో ఊరు ఫ్లోరెన్స్ చేతికి పోయింది. యాత్రికుల బాట కూడా కింద లోయలోకి జరిగిపోయింది. పడగొట్టి కొత్తది కట్టే స్తోమత ఎవరికీ లేక పాతవి అలాగే ఉండిపోయాయి. అప్పటికీ మిగిలినవి 14 మాత్రమే. డబ్బున్న ఫ్లోరెన్స్‌లో చూడండి. అక్కడ 1250లోనే ప్రైవేటు బురుజులన్నిటినీ సుమారు 29 మీటర్లకు కోయించారు, తర్వాత చాలావాటి ఆనవాలే లేదు. చిక్కపేటలో అడుగు జాగాకు పలికే ధర మీకు నేను చెప్పాలా? 1990లో యునెస్కో గుర్తింపు వచ్చాక మాత్రం, కాపాడుకోవడమే లాభం అని ఆ ఊరివాళ్ళకు బాగా తెలిసింది.

ప్రశ్న: సెలవుల్లో వెళ్తున్నాం. ఒక్క రోజు చాలా? (వైట్‌ఫీల్డ్ పాఠకురాలు)

జవాబు: రాత్రికి ఉండండి. పగలంతా టూరిస్టు బస్సులే. ఊరికి రైలు లేదు, పొజ్జిబోన్సీలో దిగి బస్సెక్కాలి. మోకాళ్ళు బాగుంటే 54 మీటర్ల తోర్రే గ్రోసా బురుజు ఎక్కండి. అది పాలకమండలి సొంత బురుజు, అందుకే ఆ కట్టడి దానికి లేదు. నేను సగంలో ఆగి ఆయాసం తీర్చుకుంటుంటే మా కోడలు పైనుంచి కేకలు పెట్టింది. బావి చౌకులో 1273 నాటి బావి ఉంది, దాని ఒరల మీద చేదతాళ్ళు కోసిన గాళ్ళలో వేలు పెట్టి చూడండి. పెద్ద చర్చిలో, చిన్న వయసులోనే చనిపోయి ఈ ఊరి సెయింటుగా కొలువందుకున్న అమ్మాయి సాంతా ఫీనా గదికి తప్పకుండా వెళ్ళండి. గిర్లాందాయో అనే ఫ్లోరెన్స్ చిత్రకారుడు అక్కడ ఆ అమ్మాయి అంత్యక్రియలు గోడ మీద చిత్రిస్తూ, వెనక ఈ బురుజులు కూడా వేశాడు. 15వ శతాబ్దంలో అవెలా ఉండేవో అందులో చూసి, బయటికొచ్చి పోల్చుకోవచ్చు. చర్చికి టికెట్ ఉంటుంది, భుజాలు కప్పుకునే బట్టలు వేసుకోండి.