పాఠకుల ప్రశ్నలు: అప్పుడు పేలిన జోకు ఇప్పుడెందుకు తుస్సుమంది?

ప్రశ్న: కాలేజీ రోజుల్లో మేం వేసిన స్కిట్‌లో నత్తి ఉన్న పాత్ర ఒకటుంది. ఆఫీసులో ఫారం నింపించుకోవడానికి వచ్చి, పేరు చెప్పలేక అవస్థ పడతాడు. అప్పట్లో హాలు దద్దరిల్లింది. ఇరవై ఏళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల సభలో అదే స్కిట్ వేస్తే నలుగురు కూడా నవ్వలేదు. ముందు వరసలో ఒకాయన లేచి వెళ్లిపోయారు. మా టైమింగ్ పోయిందంటారా?

జవాబు: టైమింగ్‌ని ఏమీ అనకండి, పాపం. ఏ జోకులోనైనా మనం చెప్పేది సగమే. మిగతా సగాన్ని వినేవాళ్లు తమ మనసులో ఉన్న నమ్మకంతో పూరించుకుంటారు. ‘నత్తి అంటేనే నవ్వులాట’ అన్నది మీరు చెప్పకుండా వదిలేసిన సగం. ఈ ఇరవై ఏళ్లలో ఆ నమ్మకం చాలామంది దగ్గర చెల్లిపోయింది. మీ స్కిట్ మాత్రం ఇంకా దాని మీదే నిలబడింది.

ఓ చిన్న పరీక్ష చేయండి. పాత్రకున్న నత్తి తీసేసి స్క్రిప్టు మొత్తం పైకి చదవండి. నవ్వొచ్చే మాట ఒక్కటైనా మిగిలితే స్కిట్‌ని బతికించవచ్చు. ఏదీ మిగలకపోతే అందులో మొదటినుంచీ జోకు లేదు, వెక్కిరింతే ఉంది.

బతికించడమంటే నత్తిని దాచేయడం కాదు, దెబ్బ ఎవరికి తగలాలో మార్చడం. ఆ సీన్‌లో నిజంగా నవ్వు పుట్టించగల మనిషి బల్లకు అవతల కూర్చున్న గుమాస్తా. ఆయనకు రెండు క్షణాలు ఆగే ఓపిక లేదు.

‘‘పేరు?’’
‘‘స... స...’’
‘‘సరళ. రాసేశా.’’
‘‘కాదండీ, స...’’
‘‘సరోజా? ముందే చెప్పొద్దూ! ఇదిగో, ఇంకో ఫారం. అరె, ఇక్కడ పురుషుడని టిక్కు పెట్టానే!’’
‘‘సత్యం అండీ. మూడో ఫారం నాకివ్వండి. నేనే రాసుకుంటా, త్వరగా అయిపోతుంది.’’

నవ్వంతా గుమాస్తా తొందర మీద పడింది. చివరి పంచ్ సత్యానిది. నటుడికి రెండు సూచనలు. అక్షరం ఒక్కసారి తడబడితే చాలు, నాలుగుసార్లు లాగితే మళ్లీ పాత వెక్కిరింతే అవుతుంది. కళ్లు పెద్దవి చేయడం, మెడ బిగించడం అసలొద్దు. ఇక గుమాస్తా, సత్యం మాట పూర్తికాకముందే అందుకోవాలి. అక్కడ అరక్షణం ఆలస్యమైనా జనం చూపు తిరిగి నత్తి మీదికే పోతుంది.

ప్రశ్న: ఒకప్పుడు జనం దేనికైనా హాయిగా నవ్వేవారు. ఇప్పుడు అన్నింటికీ మనోభావాలు దెబ్బతింటున్నాయి. ఈ రోజుల్లో అసలు కామెడీ రాయగలమా?

జవాబు: ‘దేనికైనా నవ్వేవారు’ అన్న మాట దగ్గరే మాకు పేచీ. నాట్యశాస్త్రం చివర్లో ఒక కథ ఉంది. దాన్ని రాసిన భరతముని కొడుకులు మునులను ఎగతాళి చేస్తూ ప్రహసనం, అంటే నవ్వుల నాటకం, ఆడారు. మునులు మండిపడి శపించారు. హాస్యం ఎంత పాతదో, దాని మీద అలకా అంత పాతదే.

మారేది ‘ఇది దాటకూడదు’ అన్న గీత ఉన్న చోటు. 1964లో న్యూయార్క్‌లో లెన్నీ బ్రూస్ అనే కమెడియన్‌ని స్టేజీ మీద బూతులు వాడినందుకు అరెస్టు చేశారు. కోర్టు నాలుగు నెలల శిక్ష వేసింది. అప్పీలు తేలకముందే, 1966లో ఆయన చనిపోయారు. క్షమాభిక్ష 2003లో వచ్చింది! సరిగ్గా అదే కాలంలో బ్రిటన్‌లో తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడిపాడే షో బీబీసీలో ఇంటిల్లిపాదీ చూసే వినోదం. 1958లో మొదలై 1978 దాకా నడిచింది. నేడు ఆ బూతులు స్టాండప్ కామెడీలో మామూలు, ఆ నల్లరంగు ఊహకందనిది. జనానికి కోపం పెరిగిందో తగ్గిందో గానీ, అది చోటు మారిన మాట మాత్రం నిజం.

ఇంకోటి. ఆ షో ఆపమని 1967లోనే బీబీసీకి అర్జీ వెళ్లింది. అంటే నొచ్చుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, వాళ్ల మాట చెల్లలేదంతే. పాత హాలులో నవ్వనివాళ్ల మౌనం ఎవరి చెవినా పడలేదు. నేడు వాళ్ల చేతిలో ఫోనుంది.

ప్రశ్న: పెద్ద విపత్తు జరిగాక ఎన్నాళ్లకు దాని మీద జోకు వేయొచ్చు?

జవాబు: దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. 2012లో అమెరికాను శాండీ తుఫాను ముంచెత్తింది. దాని మీద వచ్చిన ట్వీట్లను పరిశోధకులు వేర్వేరు రోజుల్లో జనానికి చూపించి మార్కులు వేయించారు. తుఫాను కొట్టిన కొత్తలో అవి నవ్వు తెప్పించలేదు. 36వ రోజు ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ నవ్వించాయి. మూడు నెలలు దాటేసరికి చప్పబడ్డాయి. మరీ దగ్గరైతే గాయం, మరీ దూరమైతే ‘ఇప్పుడెందుకొచ్చిన గోల’.

అలాగని క్యాలెండర్లో 36 రోజులు లెక్కపెట్టకండి. ఆ అంకె ఆ తుఫానుది, ఆ మార్కులు వేసినవాళ్లది. ఇల్లు పోయినవాళ్లకు, మనిషి పోయినవాళ్లకు లెక్క వేరు. మరీ త్వరగా రాయాల్సి వస్తే చనిపోయినవాళ్ల జోలికి పోకండి. పుకార్లు, టీవీల హడావుడి, సరుకులు పోగేసుకున్న మన కక్కుర్తి, వీటిలో కావలసినంత సరుకుంది.

ప్రశ్న: స్టాండప్ మొదలుపెట్టాను. కొత్త జోకు ఎవరినైనా నొప్పిస్తుందో లేదో ముందే తెలుసుకునే మార్గముందా?

జవాబు: స్నేహితులకు చెప్పి చూడటం మార్గం కాదు. వాళ్లు నవ్వేది మిమ్మల్ని చూసి. ఓపెన్ మైక్‌లో, అంటే ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కగల షోలో, ఐదు నిమిషాల సెట్ (వరసగా చెప్పే జోకులు) తీసుకోండి. అనుమానమున్న జోకుని మొదట్లో పెట్టొద్దు. జనానికి మీరెవరో తెలియనప్పుడు మీ ఉద్దేశమేమిటో కూడా తెలియదు. చివర్లోనూ వద్దు, బెడిసికొడితే సర్దుకునే సమయముండదు. మూడో నిమిషం మంచి చోటు. ముందు నాలుగైదు నికరమైన నవ్వులు పడి ఉండాలి.

ఆడియో రికార్డు చేసుకోండి. ఇంటికెళ్లి ప్రతి పంచ్ పక్కన ఏం వినిపించిందో రాయండి. పంచ్ పడగానే గుప్పున లేచిన నవ్వు ఒక రకం. ‘ఓహ్’ అని మూలిగి, ఆ తర్వాత తెరలుతెరలుగా వచ్చే నవ్వు ఇంకో రకం. అక్కడ జనం నవ్వాలా వద్దా అని పక్కవాళ్ల మొహం చూశారన్నమాట. ఒకే మూలనుంచి వచ్చిన నవ్వుని నవ్వుగా లెక్కేయకండి. ఇలా మూడు వేర్వేరు చోట్ల, మాట మార్చకుండా చెప్పి చూడాలి. ఒకేసారి సెటప్పూ (పంచ్‌కి ముందు కట్టే కథ) పంచూ రెండూ మారిస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

చాలాసార్లు తప్పు సెటప్‌లోనే ఉంటుంది. ‘మా బాస్ ఆడమనిషి, లెక్కలు రావు’ అంటే సగం హాలు పోయింది. ‘మా బాస్‌కి లెక్కలు రావు, అందుకే లెక్కల విభాగానికి బాస్’ అంటే అందరికీ తమ బాస్ గుర్తొస్తారు. మొదటిదానిలో ‘ఆడమనిషి’ అన్న పదం జోకుకి పనికొచ్చిందేమీ లేదు, శత్రువులను తెచ్చిపెట్టడం తప్ప.

‘తప్పుగా అనుకోకండి గానీ’ అని మొదలుపెట్టే అలవాటుంటే మానేయండి. ఆ మాట వినగానే తప్పుగా అనుకోవడానికి జనం సిద్ధమైపోతారు.

ప్రశ్న: నాది బాగా లావు శరీరం. నా మీద నేనే జోకులు వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా?

జవాబు: మీ మీద మీరు వేసుకోవచ్చు, కానీ సెట్ అంతా అదే అయితే హాలులో ఉన్న మరో లావుపాటి మనిషి మీ వల్ల తల వంచుకోవాల్సి రావచ్చు. లావు గురించి కాక, మీరు లిఫ్ట్ ఎక్కగానే బరువు పరిమితి బోర్డు చదివే జనం గురించి చెప్పండి.

ప్రశ్న: మధ్యలో ఎవరైనా లేచి ‘ఇది బాగాలేదు’ అంటే?

జవాబు: వాదించొద్దు, జోకుని విడమరచి చెప్పొద్దు. ‘సరేనండీ, విన్నాను’ అని రెండు క్షణాలు ఆగి, బాగా ఆడుతుందని నమ్మకమున్న జోకులోకి వెళ్లిపోండి. షో అయ్యాక రికార్డు వినండి. ఆ మనిషి అడ్డుకోకముందే హాలు చల్లబడిందా? అయితే ఆయన అందరి తరఫునా మాట్లాడినట్టే. హాలు అప్పటిదాకా నవ్వుతూనే ఉంటే, ఆ జోకుని ఇంకో రెండుచోట్ల చెప్పి చూశాకే తీసేయాలో వద్దో తేల్చుకోండి.

క్లిప్ పెట్టేటప్పుడు మాత్రం ఇంకొంచెం జాగ్రత్త. నలభై సెకన్ల ముక్కలో సెటప్ తెగిపోయి పంచ్ ఒక్కటే మిగిలితే, హాలులో మీ పాత్ర అన్న మాట ఫోన్‌లో మీ అభిప్రాయమై కూర్చుంటుంది. అలాంటి జోకుని పూర్తి నిడివితో పెట్టండి, లేదా హాలుకే ఉంచండి.